రక్త క్యాన్సర్ రోగుల జాతీయ రిజిస్ట్రీ: గోదావరి డెల్టాకు ఎందుకు అవసరం

రాజమహేంద్రవరం: 2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలంలోని బలభద్రపురం గ్రామం రాష్ట్ర ప్రజల దృష్టిని ఆకర్షించింది. ఆ గ్రామంలో క్యాన్సర్ కేసులు అధిక సంఖ్యలో బయటపడుతున్నాయన్న వార్తలు వెలువడ్డాయి. విషయం శాసనసభలో ప్రస్తావనకు వచ్చింది. వైద్య ఆరోగ్య శాఖ బృందాలు గ్రామానికి వెళ్లి ఇంటింటి సర్వే నిర్వహించాయి.

గ్రామస్థుల మనస్సులోని ప్రశ్న సూటి అయినది. తమ ఊరిలో ఈ వ్యాధి ఇరుగు పొరుగు ఊళ్ల కంటె ఎక్కువగా ఉన్నదా, లేక అంతటా ఉన్నంతే ఉన్నదా? ఇంటింటి సర్వే నేడు ఎందరు వ్యాధిగ్రస్తులు ఉన్నారో చెప్పగలదు. ఆ సంఖ్య ఎక్కువా, తక్కువా, గడచిన పదేళ్లలో పెరిగిందా అన్నది చెప్పాలంటే పోల్చి చూచుటకు ఆ ప్రాంతమంతటికీ సంబంధించి ఏళ్ల తరబడి సాగిన నమోదు ఉండాలి. ఆ నమోదునే క్యాన్సర్ రిజిస్ట్రీ అంటారు. అది లేనిచోట ప్రజల భయాన్ని నిర్ధారించుటకు గాని, తొలగించుటకు గాని తగిన ఆధారం దొరకదు.

క్యాన్సర్లన్నింటిలోను లెక్కకు అతి కష్టంగా అందేవి రక్త క్యాన్సర్లు. వీటికి జాతీయ స్థాయిలో రోగుల రిజిస్ట్రీ ఏర్పడాలన్న ఆలోచన వైద్య నిపుణులలో చాలా కాలంగా ఉన్నది. గోదావరి డెల్టా దృష్టితో ఈ అంశాన్ని పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.

నాలుగు దశాబ్దాల నమోదు

దేశంలో జనాభా ప్రాతిపదికపై తొలి క్యాన్సర్ రిజిస్ట్రీ 1963లో బొంబాయిలో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ ఆధ్వర్యంలో ఏర్పడింది. అనంతరం భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని రూపొందించి, 1982 జనవరి 1 నుంచి వివరాల సేకరణ ప్రారంభించింది. బెంగళూరు, బొంబాయి, మద్రాసు నగరాలలో జనాభా ఆధారిత రిజిస్ట్రీలు, చండీగఢ్, దిబ్రూగఢ్, తిరువనంతపురంలలో ఆసుపత్రి ఆధారిత రిజిస్ట్రీలు మొదటగా పనిచేశాయి. 1987లో మహారాష్ట్రలోని బార్షీలో తొలి గ్రామీణ రిజిస్ట్రీ ఏర్పడింది. ప్రస్తుతం ఈ కార్యక్రమాన్ని బెంగళూరులోని జాతీయ వ్యాధి సమాచార, పరిశోధన కేంద్రం నిర్వహిస్తున్నది.

2012 నుంచి 2016 వరకు గల వివరాలతో 2020లో వెలువడిన జాతీయ నివేదికలో 28 జనాభా ఆధారిత రిజిస్ట్రీల లెక్కలు చేరాయి. వీటిలో 11 ఈశాన్య రాష్ట్రాలలోనివే. తెలుగు ప్రాంతం నుంచి ఆ జాబితాలో ఉన్నది హైదరాబాదు ఒక్కటే. గోదావరి జిల్లాల వివరాలు అందులో లేవు.

ఒక ప్రాంతపు లెక్కను మరొక ప్రాంతానికి అన్వయించుకోవచ్చును గదా అన్న సందేహం కలుగవచ్చును. ఆ నివేదికే ఇందుకు సమాధానమిస్తున్నది. వయస్సును సరిచేసి చూచినప్పుడు మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాలో పురుషులలో క్యాన్సర్ రేటు లక్షకు 269.4 కాగా, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాలలో 39.5 మాత్రమే. ఒకే దేశంలో రెండు ప్రాంతాల మధ్య ఆరు రెట్లకు పైగా వ్యత్యాసం ఉన్నప్పుడు, డెల్టా పరిస్థితిని డెల్టాలోనే లెక్కించవలసి ఉంటుంది.

రక్త క్యాన్సర్ల ప్రత్యేకత

రక్త క్యాన్సర్ అన్నది ఒకే వ్యాధి కాదు. తెల్ల రక్త కణాలు అదుపు తప్పి పెరిగే లుకేమియాలు, లింఫు గ్రంథులకు సోకే లింఫోమాలు, ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలలో పుట్టే మైలోమా ఇందులో ప్రధానమైనవి. ఒక్క లుకేమియాలోనే తీవ్రమైనవి, దీర్ఘకాలికమైనవి, వాటిలో మళ్లీ లింఫాయిడ్, మైలాయిడ్ రకాలు ఉన్నాయి. రకాన్ని బట్టి చికిత్స మారుతుంది, ఆయుర్దాయం మారుతుంది, ఖర్చు మారుతుంది. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో లుకేమియాదే ప్రథమ స్థానం.

అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గ్రామాలలో జరిగే పరీక్షలు నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను ముందుగా గుర్తించుటకు ఉద్దేశించినవి. రక్త క్యాన్సర్లకు అటువంటి సామూహిక పరీక్ష లేదు. తగ్గని జ్వరం, నీరసం, రక్తహీనత, చర్మంపై కందిన మచ్చలు, మెడలోనో చంకలోనో గడ్డలు, ఎముకల నొప్పి వంటి సాధారణ లక్షణాలతోనే ఇవి బయటపడతాయి. విషజ్వరాలు సర్వసాధారణమైన డెల్టా గ్రామాలలో ఈ లక్షణాలను తొలుత వేరే జ్వరంగా భావించుట సహజం. సామూహిక పరీక్షలలో చిక్కని వ్యాధి విస్తృతిని తెలుసుకొనుటకు రోగ నిర్ధారణ జరిగిన ప్రతి రోగినీ నమోదు చేయుటయే మార్గం.

ఆ నిర్ధారణ ఎక్కడ జరుగుతున్నదన్నది రెండవ సమస్య. ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోముల పరీక్ష, జన్యు పరీక్ష వంటివి పెద్ద నగరాలలోని ప్రయోగశాలలలోనే ఎక్కువగా జరుగుతాయి. కోనసీమలోని రోగి రక్త నమూనా ఒక నగరానికి, రోగి మరొక నగరానికి వెళ్లుట సాధారణం. విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు, చెన్నై, వెల్లూరు ఆసుపత్రులలో డెల్టా రోగులు చికిత్స పొందుతున్నారు. అక్కడి దస్త్రాలలో వారు ఆ ఆసుపత్రి సంఖ్యలుగా ఉంటారు. సొంత మండలం లెక్కలోనికి రారు.

దేశం మొత్తానికి అంచనాలు ఉన్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో కొత్త క్యాన్సర్ కేసులు 14.13 లక్షలు కాగా, వాటిలో లుకేమియా కేసులు 50 వేలకు చేరువలో ఉన్నాయి. అనగా లక్ష జనాభాకు సుమారు మూడున్నర. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి తూర్పు గోదావరి జనాభా 51.54 లక్షలు, పశ్చిమ గోదావరి జనాభా 39.37 లక్షలు. ఈ రేటునే అన్వయిస్తే రెండు జిల్లాల పరిధిలో ఏటా మూడు వందలకు పైగా కొత్త లుకేమియా కేసులు ఉండవచ్చునని తేలుతుంది. అయితే ఇది గుణకారం వలన వచ్చిన సంఖ్యయే. ఆ మూడు వందల మంది ఎవరు, ఏ మండలాల వారు, ఎందరు చికిత్స పూర్తి చేశారు, ఎందరు మధ్యలో మానివేశారు అన్న ప్రశ్నలకు గుణకారం జవాబు చెప్పదు.

మందు పుట్టిన గడ్డతో అనుబంధం

లుకేమియా చికిత్స చరిత్రలో ఈ డెల్టాకు విశిష్ట స్థానం ఉన్నది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో కొంతకాలం చదువుకొన్న డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధన సాగించారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందును బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రచురితమైన ఆ నివేదికలో 16 మంది పిల్లలకు మందు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగా గుణం కనిపించినట్లు నమోదైంది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్సలో భాగంగా ఉన్నది.

గుణం కనిపించిన పదిమందినే కాక, కనిపించని ఆరుగురిని కూడ లెక్కలో చూపుట వలననే ఆ నివేదిక తరువాతి పరిశోధనలకు పునాది అయింది. రోగుల రిజిస్ట్రీ చేయవలసిన పని కూడ ఇదే. కోలుకొన్నవారితో పాటు కోలుకోనివారిని, చికిత్సకు తిరిగి రానివారిని సైతం అది లెక్కలో ఉంచవలసి ఉంటుంది.

మరొక ఉదాహరణ దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాల కంటె పదేళ్లకు పైగా చిన్న వయస్సులోనే, అనగా కుటుంబాన్ని పోషించే వయస్సులో వస్తున్నది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర ఈ వ్యాధి గమనాన్ని మార్చివేసింది. 2003లో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ తక్కువ ధరకు ఈ మందును విడుదల చేసింది. పేటెంటు కోసం నోవార్టిస్ సంస్థ చేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. ఫలితంగా మాత్ర ధర సామాన్యునికి అందుబాటులోనికి వచ్చింది. కాని ఈ మాత్రను చాలామంది ఏళ్ల తరబడి రోజూ వేసుకోవలసి ఉంటుంది. ఆరోగ్యం కుదుటపడిందని రోగి మానివేసినా, మందు అందక ఆగిపోయినా వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉన్నది. మందు చౌక అయిన తరువాత మిగిలిన సమస్య రోగిని వెంట ఉండి చూచుకొనుట. దానికి సాధనం రిజిస్ట్రీయే.

ఉన్నవి ఏమిటి, కావలసినది ఏమిటి

రిజిస్ట్రీ అన్న పదాన్ని పలు అర్థాలలో వాడుట వలన గందరగోళం ఏర్పడుతున్నది. జనాభా ఆధారిత రిజిస్ట్రీ ఒక ప్రాంతంలో నివసించే వారికి ఏటా ఎన్ని కొత్త కేసులు వచ్చాయో చెబుతుంది. ఆసుపత్రి ఆధారిత రిజిస్ట్రీ ఆ ఆసుపత్రికి వచ్చిన వారి వివరాలు చెబుతుంది. రోగుల రిజిస్ట్రీ వ్యాధి రకం, జన్యు లక్షణాలు, ఇచ్చిన మందులు, ఫలితం, తిరగబెట్టుట, మరణం వరకు ఒక్కొక్క రోగిని అనుసరిస్తుంది. 2009లో చెన్నైలో ఏర్పడిన దాత్రి వంటివి మూలకణ దాతల రిజిస్ట్రీలు. అవి ఇచ్చేవారి పేర్లు గలవి, రోగుల పేర్లు గలవి కావు.

దేశంలో రోగుల రిజిస్ట్రీకి పునాదులు లేకపోలేదు. హెమటాలజీ క్యాన్సర్ కన్సార్షియం పేరిట పలు ఆసుపత్రులు కలిసి తీవ్ర లుకేమియా రోగుల వివరాలను ఒకచోట చేరుస్తున్నాయి. పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు వివిధ నగరాల ఆసుపత్రులు ఐసికిల్ పేరుతో ఉమ్మడి చికిత్సా అధ్యయనం నిర్వహించాయి. ఎముక మూలుగ మార్పిడుల వివరాలను ఆ రంగంలోని వైద్యుల సంఘం నమోదు చేస్తున్నది. ఇవన్నీ ప్రశంసనీయమైనవే. అయితే ఇవి ప్రధానంగా పెద్ద ఆసుపత్రుల దస్త్రాలు. ఆ ఆసుపత్రి మెట్టు ఎక్కని రోగి వీటిలో కనిపించడు. జనాభా లెక్కను, చికిత్స లెక్కను ఒకదానితో ఒకటి అనుసంధానించుటే జాతీయ రిజిస్ట్రీ ముందున్న అసలు పని.

రాష్ట్రంలో ఇందుకు ఉపకరించే మరొక నిధి ఆరోగ్యశ్రీ సమాచారం. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో మొదలైన ఈ పథకం అదే ఏడాది డిసెంబరు 5న రెండవ దశలో ఉభయ గోదావరి జిల్లాలకు విస్తరించింది. ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్య సేవగా అమలులో ఉన్నది. క్యాన్సర్ చికిత్స పొందిన పేద కుటుంబాల వివరాలు ఇందులో ఉన్నాయి. కాని ఇది చెల్లింపుల దస్త్రం. ఒకే రోగికి పలుమార్లు కీమోథెరపీ జరిగితే పలు క్లెయిములు కనిపిస్తాయి. ఉద్యోగుల ఆరోగ్య పథకం, ఈఎస్ఐ, ప్రైవేటు బీమా, సొంత ఖర్చు మార్గాలలో చికిత్స పొందినవారు ఇందులో ఉండరు. కనుక ఈ దస్త్రాన్ని ఆరంభంగా తీసుకోవచ్చును గాని, అదే రిజిస్ట్రీ కాజాలదు.

ఇతర ప్రాంతాల అనుభవం

ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో 2004 నుంచి సుమారు 40 లక్షల జనాభాకు రక్త క్యాన్సర్ల పరిశోధన వ్యవస్థ ఒకటి పనిచేస్తున్నది. 14 ఆసుపత్రుల నుంచి వచ్చే నమూనాలన్నింటికీ లీడ్స్‌లోని ఒకే ప్రయోగశాలలో నిర్ధారణ జరుగుతుంది. నిర్ధారణ ఒక్కచోట జరిగినందువలన ఏ రోగీ లెక్క నుంచి జారిపోడు. ఒకే రోగిని రెండుసార్లు లెక్కించుటా జరుగదు. గోదావరి జిల్లాల జనాభా ఆ ప్రాంతానికి రెండు రెట్లకు పైగా ఉన్నది. జాతీయ వ్యవస్థ ప్రాంతీయ భాగాలతో మొదలు కావచ్చునన్న పాఠం ఇందులో ఉన్నది.

రెండవ అనుభవం పంజాబుది. మాల్వా ప్రత్తి ప్రాంతం నుంచి బికనీరుకు రోగులను చేరవేసే రైలు క్యాన్సర్ రైలుగా దేశమంతటా పేరుపడింది. 2013లో చండీగఢ్, మొహాలీ, సంగ్రూర్, మాన్సాలలో రిజిస్ట్రీలు ఏర్పడిన తరువాత, మాల్వాలోని సంగ్రూర్, మాన్సాల కంటె చండీగఢ్, మొహాలీలలోనే క్యాన్సర్ రేట్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మాల్వా రోగుల బాధ అసత్యమని దీని అర్థం కాదు. సమీపంలో చికిత్స లేక దూర ప్రయాణం చేయవలసి రావడం వారి కష్టాన్ని ప్రస్ఫుటం చేసింది. వ్యాధి అధికంగా ఉన్నచోట కారణాన్ని వెదకాలి. చికిత్స దూరంగా ఉన్నచోట ఆసుపత్రిని దగ్గర చేయాలి. ఏది అవసరమో చెప్పగలిగినది నమోదు మాత్రమే.

పురుగుమందుల వాడకం ఎక్కువగా గల వరి పొలాలు, చేపల, రొయ్యల చెరువులు, పరిశ్రమలు గల డెల్టాలో ఈ పాఠం మరింత వర్తిస్తుంది. లిండేన్ అనే పురుగుమందును నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాకు కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది. స్థానికంగా ఏ మందుకు, ఏ వ్యాధికి సంబంధం ఉన్నదో, లేదో నిరూపించుటకు ముందు వ్యాధి ఎక్కడ, ఎంత ఉన్నదో తెలియాలి.

డెల్టాలో చేయదగినవి

కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాలలు ఉన్నాయి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఈ సంస్థల పాథాలజీ విభాగాలలో రక్త క్యాన్సర్‌గా తేలిన ప్రతి నివేదికను ఒకే నమూనాలో నమోదు చేసి, వెలుపలి నగరాల ఆసుపత్రుల నుంచి డెల్టా చిరునామా గల రోగుల వివరాలను రప్పించుకొనగలిగితే ప్రాంతీయ రిజిస్ట్రీకి బీజం పడినట్లే.

చిరునామాను జిల్లా పేరుతో సరిపెట్టరాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి ఉభయ గోదావరులు పలు జిల్లాలుగా విడిపోయాయి. గ్రామం, మండలం నమోదై ఉంటే సరిహద్దులు మారినా లెక్క చెదరదు. 2021లో జరగవలసిన జనగణన జరగనందున పాత జనాభాతో రేట్లు కట్టవలసి వస్తున్నది. కొత్త జనగణన ఫలితాలు వచ్చిన వెంటనే వాటిని సరిదిద్దుకోవాలి.

మరణాల నమోదు మరొక కీలకాంశం. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆసుపత్రులు మరణ కారణ ధ్రువపత్రం ఇవ్వవలసి ఉంటుంది. అయితే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకొన్న రోగి మరణం జ్వరంగానో, వృద్ధాప్యంగానో నమోదయ్యే అవకాశం ఉన్నది. ఇక్కడ ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల పాత్ర అమూల్యమైనది. చికిత్స మధ్యలో ఆపివేసిన పిల్లవాని ఇంటి తలుపు తట్టి కారణం తెలుసుకోగలిగినవారు వారే. లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. కొద్ది నెలలలో బిడ్డ కోలుకొన్నట్లు కనిపించగానే కూలి పోతుందని, ప్రయాణ ఖర్చు భరించలేమని ఆపివేసే కుటుంబాలను సకాలంలో గుర్తించుట అంటే ఒక ప్రాణాన్ని కాపాడుటయే. పిల్లల క్యాన్సర్లలో 2030 నాటికి కనీసం 60 శాతం మంది బ్రతికి బయటపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం నిర్దేశించింది. ఎందరు బ్రతికారో లెక్కించనిచోట ఆ లక్ష్యం నెరవేరిందని గాని, లేదని గాని చెప్పజాలము.

వ్యాధిని తప్పనిసరిగా తెలియజేయవలసిన జాబితాలో క్యాన్సర్‌ను చేర్చాలని పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2022 సెప్టెంబరులో సిఫారసు చేసింది. కొన్ని రాష్ట్రాలు ఆ దిశగా ఉత్తర్వులు జారీ చేశాయి. అదే సమయంలో రోగి గోప్యతను కాపాడుట అత్యవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్ఫూర్తి కూడ అదే. ఊరిలో ఒకే కేసు ఉన్నప్పుడు ఊరి పేరుతో సంఖ్య ప్రకటిస్తే రోగి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పెళ్లి సంబంధాలు, ఉపాధి దెబ్బతింటాయన్న భయం కలిగితే కుటుంబాలు వివరాలు చెప్పుటకు వెనుకాడతాయి.

సంఖ్యలను చదివే తీరు

రిజిస్ట్రీ ప్రారంభమైన తొలి ఏళ్లలో కేసుల సంఖ్య పెరిగినట్లు కనిపించుట తథ్యం. ఇంతవరకు లెక్కకు రానివారు లెక్కకు వచ్చుటయే దీనికి ముఖ్య కారణం అవుతుంది. దీనిని వ్యాధి విజృంభణగా వర్ణించుట సరి కాదు. పది వేల జనాభా గల గ్రామంలో జాతీయ అంచనా ప్రకారం మూడేళ్లకు ఒక లుకేమియా కేసు రావచ్చును. ఒకే ఏడాది రెండు వస్తే అది యాదృచ్ఛికం కావచ్చును, కాకపోవచ్చును. చుట్టుపక్కల మండలాల పదేళ్ల నమోదు ఎదుట ఉంటే నిపుణులు త్వరగా తేల్చగలరు. అన్ని రకాల క్యాన్సర్లకు లక్షకు వంద రేటు అనుకొంటే, అదే గ్రామంలో అయిదేళ్లలో యాభై కేసులు మామూలుగానే ఉంటాయి. యాభై అన్న సంఖ్య వినగానే కలిగే ఆందోళన సహజమే. అయినప్పటికీ రేటు, వయస్సు, కాలవ్యవధి తెలుపని సంఖ్య సగం సమాచారమే అవుతుంది.

బలభద్రపురం ప్రజల ప్రశ్న రేపు డెల్టాలోని మరే గ్రామం నుంచైనా రావచ్చును. ఆ రోజున సర్వే బృందాలతో పాటు పదేళ్ల నమోదు పుస్తకం కూడ గ్రామానికి వెళ్లగలగాలి. అందుకు పని నేటి నుంచే ఆరంభం కావలసి ఉన్నది.